టెక్ సందేహాలు: సాలిడ్ యాక్సిళ్లతో స్కేల్ ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్) కారు కట్టాలంటే

ప్రశ్న: పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ 90 బండిని 1/10 స్కేలులో, ముందూ వెనకా సాలిడ్ యాక్సిళ్లతో (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసులతో) సొంతంగా తయారు చేసుకోవాలని ఉంది. గట్టి ప్లాస్టిక్ బాడీ ఒకటి చూసి పెట్టుకున్నాను. 313 మి.మీ. వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) ఉన్న రెడీమేడ్ ఛాసిస్ కొని దానిపై ఈ బాడీని బిగిస్తే సరిపోతుందా? స్టీరింగ్ సర్వోను (చక్రాలను పక్కలకు తిప్పే చిన్న మోటారును) యాక్సిల్ మీద కాకుండా ఛాసిస్‌కే అమర్చవచ్చా?

జవాబు: ఆ ఛాసిస్ సరిపోదు. 2016 జనవరిలో తయారీ ఆగిపోయిన ఆ డిఫెండర్ 90 వీల్‌బేస్ 2,360 మి.మీ., అంటే 1/10 స్కేలులో 236 మి.మీ. మీరు చెప్పిన ఛాసిస్ అంతకంటే 77 మి.మీ. పొడవు కాబట్టి ముందు చక్రాలను వాటి గూళ్లలో సరిగ్గా నిలిపితే వెనక చక్రాలు గూళ్లు దాటి వెనక బంపరు దగ్గరికి పోతాయి. ఛాసిస్ కొన్నాక దానికి తగిన బాడీ కోసం వెతకడం కంటే, బాడీతో మొదలుపెట్టి ఒక్కొక్క భాగంగా కిందికి దిగిరావడమే సరైన పద్ధతి అని నా గట్టి అభిప్రాయం. బాడీ మీద మూడు కొలతలు తీసుకోండి: ముందు, వెనక చక్రాల గూళ్ల కేంద్రాల మధ్య దూరం, గూళ్ల దగ్గర బాడీ వెడల్పు, గూటిలో రాపిడి లేకుండా పట్టే టైరు వ్యాసం. పెట్టె మీద 1/10 అని ఉన్నా అన్ని బాడీలూ కచ్చితంగా ఆ నిష్పత్తిలో ఉండవు కనుక అసలు బండి లెక్కను మాత్రమే నమ్ముకోకుండా చేతిలో ఉన్న బాడీని కొలవాలి.

టైర్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. అసలు బండికి 235/85 ఆర్16 టైరు వేస్తే దాని వ్యాసం సుమారు 806 మి.మీ., స్కేలులో 81 మి.మీ. క్రాలర్ల (రాళ్ల మీద నెమ్మదిగా ఎక్కే ఆర్‌సీ బండ్ల) కోసం విరివిగా దొరికే 1.9 అంగుళాల రిమ్ముల టైర్లలో చాలావాటి వ్యాసం 100 మి.మీ. దాటుతుంది. అవి వేస్తే బాడీని పైకి ఎత్తాలి, ఎత్తితే బరువు పైకి చేరుతుంది, పొట్టి వీల్‌బేస్ ఉన్న బండి ఎగువకు ఎక్కేటప్పుడు వెనక్కి బోల్తా పడుతుంది. మీరు 1.55 అంగుళాల రిమ్ములను ఎంచుకోండి. బండి వెడల్పు స్కేలులో 179 మి.మీ. కాబట్టి టైర్ల బయటి అంచుల మధ్య దూరం అంతకు మించకుండా యాక్సిల్ వెడల్పును, రిమ్ ఆఫ్‌సెట్‌ను (రిమ్ ఎంత లోపలికి లేదా బయటికి కూర్చుంటుందో దాన్ని) కలిపి లెక్కవేయాలి.

ఇక సర్వో సంగతి. ఛాసిస్‌కు నిక్షేపంగా అమర్చవచ్చు, చూడడానికి కూడా అదే అందం. అయితే దానికో షరతు ఉంది. సాలిడ్ యాక్సిల్ కావడి బద్దలాంటిది: ఒక కొస లేస్తే రెండో కొస దిగుతుంది. సర్వో యాక్సిల్ మీదే ఉంటే దానితో పాటే కదులుతుంది కనుక చిక్కు లేదు. సర్వో ఛాసిస్ మీద ఉన్నప్పుడు మాత్రం సస్పెన్షన్ కదిలిన ప్రతిసారీ సర్వో నుంచి చక్రానికి వెళ్లే డ్రాగ్ లింక్ తన కొసను ఒక వంపులో తిప్పుతుంది. యాక్సిల్ కూడా సరిగ్గా అదే వంపులో కదలకపోతే మీరు స్టీరింగ్ తిప్పకుండానే చక్రాలు తిరుగుతాయి. అందుకే యాక్సిల్‌ను పక్కలకు జరగకుండా పట్టి ఉంచే పాన్‌హార్డ్ రాడ్ తప్పనిసరి అవుతుంది. అది డ్రాగ్ లింక్‌కు సమాంతరంగా, దాదాపు అంతే పొడవుతో ఉండాలి. అసలు డిఫెండర్ ముందు యాక్సిల్‌కు కూడా పాన్‌హార్డ్ రాడ్ ఉంది కాబట్టి స్కేలు విషయంలో రాజీపడినట్లు కాదు. పరీక్ష సులభం: షాకుల్లోని స్ప్రింగులు తీసేసి, సర్వోకు కరెంటు ఇచ్చి చక్రాలను నిటారుగా నిలిపి, ఛాసిస్‌ను చేత్తో అడుగుదాకా నొక్కి మళ్లీ పైకి లాగండి. ఆ కదలికలో చక్రం ముందు అంచు పక్కకు తిరుగుతున్నట్లు కనిపిస్తే రెండు రాడ్లలో ఒకదాని బిగింపు స్థానాన్ని మార్చాలి.

పొట్టి వీల్‌బేస్ తెచ్చే మరో ఇబ్బంది, గేర్‌బాక్స్ నుంచి యాక్సిళ్లకు శక్తిని అందించే ప్రొపెల్లర్ షాఫ్టులది. షాఫ్ట్ పొట్టిదయ్యేకొద్దీ యాక్సిల్ కిందికి వేలాడినప్పుడు దాని కొసలోని యూనివర్సల్ జాయింటు (వంగుతూనే తిరిగే కీలు) కోణం పెరిగి, ఒక దశలో జాయింటు పట్టేస్తుంది. కోణం తగ్గించడం కోసం ముందరి యాక్సిల్ హౌసింగ్‌ను తిప్పి పినియన్ ముక్కును (షాఫ్ట్ వచ్చి కలిసే చోటును) పైకెత్తితే దానితో పాటు నకిళ్లు (ముందు చక్రాలను మోస్తూ పక్కలకు తిరిగే భాగాలు) కూడా తిరిగి కాస్టర్ (నకిల్ తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది. కాస్టర్ తగ్గిన బండికి స్టీరింగ్ తనంతట తాను నిటారుకు రావడం తగ్గుతుంది. ఈ రెండింటి మధ్య చాలామంది నలుగుతారు. యాక్సిల్ గొట్టం కొసలో నకిల్‌ను పట్టి ఉంచే సి-హబ్‌ను విడిగా తిప్పి బిగించే వీలున్న యాక్సిళ్లు దొరుకుతాయి. మొదటే అలాంటివి తీసుకుంటే పినియన్ కోణాన్ని, కాస్టర్‌ను దేనికది సర్దుకోవచ్చు. షాఫ్ట్ రెండు కొసల్లోని యోకులు (జాయింటును పట్టుకునే చీలిక భాగాలు) ఒకే వరుసలో ఉండేలా బిగించడం మరవకండి, లేకపోతే తిరిగేటప్పుడు వణుకు పుడుతుంది.

ప్రశ్న: మోటారు, గేర్లు ఎలా లెక్కవేయాలి? మా బండి వీడియోలో ఎప్పుడూ బొమ్మ కారులాగే ఎగిరెగిరి పడుతుంది, కారణం ఏమిటి?

జవాబు: లెక్క కష్టమైనది కాదు. స్పర్ (మోటారు తిప్పే పెద్ద గేరు) పళ్లను మోటారు పినియన్ (మోటారు కొసనున్న చిన్న గేరు) పళ్లతో భాగించి, ఆ వచ్చినదాన్ని గేర్‌బాక్స్ నిష్పత్తితో, యాక్సిల్ నిష్పత్తితో గుణించాలి. పినియన్ 14, స్పర్ 56, గేర్‌బాక్స్ 3.4, యాక్సిల్‌లో 38కి 13 పళ్లు అనుకుంటే మొత్తం నిష్పత్తి దాదాపు 40. మోటారు నిమిషానికి 15,000 చుట్లు తిరిగితే చక్రం 375 చుట్లు తిరుగుతుంది, 81 మి.మీ. టైరుతో అది గంటకు సుమారు 5.7 కి.మీ. రాళ్ల మీద నడిపే బండికి ఇది చక్కని వేగం.

వీడియో సంగతికి కారణం భౌతికశాస్త్రంలో ఉంది. బండిని పదో వంతుకు తగ్గించినా గురుత్వాకర్షణ తగ్గదు. అందువల్ల మోడల్ పడడం, ఊగడం అన్నీ అసలు బండి కంటే 10కి వర్గమూలం, అంటే సుమారు 3.16 రెట్లు త్వరగా జరుగుతాయి. గంటకు 5.7 కి.మీ. వేగంతో వెళ్లే మోడల్ కదలిక కంటికి 18 కి.మీ. వేగంతో వెళ్లే అసలు బండి కదలికలా ఉంటుందన్నమాట, 57 కి.మీ.తో వెళ్లే బండిలా కాదు. మెత్తని స్ప్రింగులు, చిక్కని షాక్ ఆయిల్ వాడి, చక్రాల దగ్గర కిందిభాగంలో బరువు చేర్చి, థ్రాటిల్‌ను నెమ్మదిగా నొక్కితే చాలా తేడా కనిపిస్తుంది. ఆకు స్ప్రింగులు ఇష్టపడేవారు వాటిలో ఒకటి రెండు పట్టీలు తీసేసి చూడాలి, ఎందుకంటే అవి మోడల్ బరువుకు మించి బిగుసుగా ఉండడం మామూలే.

ప్రశ్న: భాగాలు కొనేముందే లింకుల (యాక్సిల్‌ను ఛాసిస్‌కు కలిపే కడ్డీల) కదలికను కంప్యూటర్‌లో సరిచూసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉందా? లింకులను త్రీడీ ప్రింటర్‌తో ముద్రించుకోవచ్చా?

జవాబు: ఫ్రీక్యాడ్ చాలు. అందులోని స్కెచర్‌లో ఛాసిస్ మీది బిగింపు బిందువులను స్థిరంగా ఉంచి, లింకులను నిర్ణీత పొడవు గల గీతలుగా గీసి, యాక్సిల్ బిందువును మాత్రం స్వేచ్ఛగా వదిలేయండి. ఆ బిందువును మౌస్‌తో పట్టి పైకీ కిందికీ లాగితే, యాక్సిల్ ఎంత ముందుకు జరుగుతుందో, పినియన్ ఎంత తిరుగుతుందో అక్కడే కనిపిస్తుంది. పక్క నుంచి ఒక స్కెచ్, ముందు నుంచి మరో స్కెచ్ గీస్తే పాన్‌హార్డ్ రాడ్ లెక్క కూడా తేలిపోతుంది.

లింకులను మాత్రం ముద్రించకండి. రాళ్ల మీద బండి బరువంతా పడేది వాటి మీదే కనుక అల్యూమినియం లేదా స్టీలు కడ్డీలే వాడాలి. బ్యాటరీ ట్రే, సర్వో బ్రాకెట్, బాడీ మౌంట్లు వంటివి ముద్రించుకోవచ్చు. అయితే ముద్రణకు వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది కాబట్టి మోటారు దగ్గర ఉండే భాగాలకు పీఈటీజీ గానీ నైలాన్ గానీ వాడండి.