ఊరి పేరు చెప్తే ఇల్లివ్వట్లేదు: సోషియాలజీ మాస్టారుకి మీ ప్రశ్నలు

ప్రశ్న: మాస్టారూ నమస్తే. మాది స్టువర్టుపురం. నేను నర్సింగ్ చేసి వేరే సిటీలో జాబ్ చేస్తున్నా. మొన్న రూమ్ కోసం వెళ్తే ఓనరాంటీ బాగానే మాట్లాడింది, కాఫీ కూడా ఇచ్చింది, ఆధార్ జిరాక్స్ చేతిలోకి తీసుకున్నాక మాత్రం మొహం మారిపోయింది. "మా అబ్బాయి ఫ్రెండుకి ఇస్తామని మాటిచ్చామమ్మా, మర్చిపోయా" అంది. వారం తర్వాత చూసినా టులెట్ బోర్డు అలాగే వేలాడుతోంది. మా ఇంట్లో ఎవరిమీదా ఒక్క కేసు లేదు. అసలు మా ఊరికి దొంగల ఊరని పేరెలా వచ్చింది? అప్పట్లో మావాళ్లందరూ నిజంగా దొంగలేనా?
– పేరు వెయ్యొద్దన్న పాఠకురాలు

జవాబు: తల్లీ, ముందు నీకు తెలిసిందే చెప్తా, తెలియనివాళ్ల కోసం. మీ ఊరు దొంగలు కట్టుకున్న ఊరు కాదు, గవర్నమెంటు దొంగలని పేరుపెట్టి తెచ్చి కూర్చోబెట్టిన ఊరు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది, సినిమాలవాళ్లు ఆ తేడాని ఎప్పుడూ పట్టించుకోలేదనుకో.

1871లో బ్రిటిష్‌వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ అని ఒకటి తెచ్చారు. దాని వెనకున్న లాజిక్ వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. ఈ దేశంలో సాలెవాడి కొడుకు మగ్గమెక్కుతాడు, వడ్రంగి కొడుకు ఉలి పడతాడు, కాబట్టి దొంగతనమే కులవృత్తిగా ఉన్న కులాలు కూడా ఉండే ఉంటాయి అని! అంటే మన కులవ్యవస్థని సగం అర్థం చేసుకుని దాన్ని పోలీసు డ్యూటీకి వాడుకున్నారన్నమాట. మొదట ఉత్తరాదిలో అమలుచేశారు, 1911లో చట్టాన్ని మార్చాక మద్రాస్ ప్రెసిడెన్సీకీ వచ్చింది, మన ఎరుకలవాళ్లు అలా అందులో పడ్డారు.

ఇప్పుడు ఒక్క నిమిషం ఆగి ఎరుకలవాళ్లలో తెగల పేర్లు చూడు. ఉప్పు ఎరుకల, దబ్బ ఎరుకల, కుంచె ఎరుకల. ఉప్పు అంటే తెలిసిందే, దబ్బ అంటే బుట్టలల్లే వెదురుబద్ద, కుంచె అంటే నేతగాళ్లు పడుగుకి గంజి పట్టించే కుంచె. అన్నీ పనుల పేర్లే. ఉప్పు ఎరుకలవాళ్లు సముద్రం పక్కనుంచి ఎద్దులమీదా గాడిదలమీదా ఉప్పు వేసుకుని లోపలి ఊళ్లకెళ్లి ధాన్యానికి మార్చుకునేవాళ్లు, అదే వాళ్ల బతుకు. ఉప్పుమీద సర్కారు పెత్తనం బిగిసింది, తర్వాత రైలొచ్చింది, బస్తాలు రైలెక్కాయి, ఎద్దుతో తిరిగేవాడికి పనిలేదు. అడవి చట్టాలొచ్చి వెదురు కొట్టుకోనివ్వలేదు. ఇలా బతుకుదెరువు పోయినవాళ్లు పనికోసం ఊరూరూ తిరుగుతుంటే "వీళ్లకి ఇల్లూ వాకిలీ లేదు, ఎలా బతుకుతున్నారు, కచ్చితంగా దొంగలే" అని రాసుకున్నారు. తిరిగేవాడంటే ఆ సర్కారుకి పడేది కాదు, పన్ను వెయ్యడానికి దొరకడు కదా.

1913-14 ప్రాంతంలో బాపట్లకీ చీరాలకీ మధ్య ఈ ఎరుకలవాళ్లని కాపలాలో ఉంచడానికి సెటిల్‌మెంట్ పెట్టి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థవాళ్లకి అప్పగించారు, అదే మీ ఊరు. మద్రాస్ ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. సాల్వేషన్ ఆర్మీ నాయకుడు బూత్ టక్కర్ వీళ్లని ముద్దుగా "క్రిమ్" అని పిలిచేవాడట, క్రిమినల్ అనేదానికి షార్ట్‌కట్, ఏదో పెంపుడు పేరులాగా. వాళ్లు బడి పెట్టారు, వైద్యం చేశారు, అది కాదనను. కానీ మనుషుల్ని కదలనివ్వకుండా ఒకచోట కట్టేస్తే కంపెనీకి చవగ్గా కూలీలు దొరుకుతారు, సెటిల్‌మెంటు జనం చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పనికెళ్లింది అందుకే. సంస్కరణ ఎవరికి లాభమైందో చూస్తే ఆ కథ వేరేగా కనిపిస్తుంది.

చట్టం రోజువారీగా ఎలా ఉండేదంటే, కులంలో పుడితే చాలు పేరు రిజిస్టర్లోకెక్కొచ్చు, వేలిముద్రలివ్వాలి, హాజరు చెప్పాలి, పక్కూళ్లో చుట్టం చనిపోయినా పాస్ లేకుండా వెళ్లకూడదు. పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నించి విడదీసి వేరే పెట్టే అధికారం కూడా అందులో ఉంది. దొంగతనం చెయ్యకపోయినా అనుమానంగా తిరుగుతూ కనిపించాడంటే మూడేళ్ల వరకూ జైలు. లిస్టులో ఉన్న నేరాల్లో రెండోసారి శిక్షపడితే తక్కువలో తక్కువ ఏడేళ్లు, మూడోసారైతే యావజ్జీవం ద్వీపాంతరం. అదే నేరం పక్కవీధిలో ఇంకో కులంవాడు చేస్తే మామూలు శిక్షే. తమిళనాడులో మదురై దగ్గర కళ్లర్లు అనే కులంవాళ్లు ఈ వేలిముద్రల రూలుకి ఎదురుతిరిగితే 1920 ఏప్రిల్ 3న పెరుంగామనల్లూరులో కాల్పులు జరిగాయి, 16 మంది చనిపోయారు. వేలిముద్ర ఇవ్వం అన్నందుకు.

నీ రెండో ప్రశ్నకి సూటిగా చెప్తా. మీ ఊళ్లో దొంగతనాలు చేసినవాళ్లు ఉన్నారు, లేరని చెప్తే నేను అబద్ధమాడినట్టే. కానీ లెక్క ఎక్కడ మొదలైందో చూడాలి. పొద్దున్న లేస్తే దొంగ అని పిలిచి, పొలం ఇచ్చినా సరైన పొలం ఇవ్వక, బయట పని ఇవ్వక, జిల్లాలో ఏ తాళం పగిలినా మొదటి జీపు అక్కడికే పంపిస్తే, చేసినా తంతారు చెయ్యకపోయినా తంతారు అని తేలిపోయాక కుర్రాడు ఏం నేర్చుకుంటాడు? అమెరికాలో హోవార్డ్ బెకర్ అని ఒకాయన, చికాగోలో పియానో వాయించుకుంటూనే సోషియాలజీ చదివాడు, 1963లో ఇదే సంగతి రాశాడు. ఏ పనిలోనూ దానంతటదే నేరం ఉండదు, ఎవరో దానికి ఆ పేరు తగిలిస్తేనే అది నేరమవుతుంది, ముద్ర గట్టిగా తగులుకున్నవాడే నేరస్థుడవుతాడు అని. దీన్ని లేబులింగ్ థియరీ అంటారు. ఆయన మీ ఊరొచ్చి ఉంటే వేరే రీసెర్చి అక్కర్లేకపోను.

1936లో నెహ్రూ నెల్లూరొచ్చినప్పుడు ఇది రాక్షస చట్టం అన్నాడు. అదే నెల్లూరులో వెన్నెలకంటి రాఘవయ్యగారు, ఇదే చట్టంలో పడ్డ యానాదుల తరఫున ఏళ్ల తరబడి దీనిమీద కొట్లాడారు. మద్రాసులో 1947లో తీసేశారు, దేశం మొత్తంమీద 1952 ఆగస్టు 31న పోయింది. మనకి స్వాతంత్ర్యం ఆగస్టు 15 అయితే వాళ్లకి ఐదేళ్ల పదహారు రోజులు ఆలస్యం, అందుకే ఆగస్టు 31ని విముక్త దినం అని జరుపుకుంటారు. అప్పుడైనా అయిపోయిందా అంటే, ముందు గుమ్మంలోంచి పంపించి వెనక గుమ్మంలోంచి హ్యాబిచువల్ అఫెండర్స్, అంటే అలవాటుపడ్డ నేరస్థుల చట్టాలు తెచ్చారు, మన ఆంధ్రప్రదేశ్‌ది 1962 నాటిది. తర్వాత 1970ల్లో సంఘసంస్కర్తలు లవణంగారు, హేమలత లవణంగారు (జాషువాగారి అమ్మాయి) మీ ఊరొచ్చి ఏళ్లపాటు పనిచేశారు, పెద్దవాళ్లనడుగు, వాళ్లని ఎరిగినవాళ్లు ఇంకా ఉంటారు. 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్లలో కులాన్నిబట్టి పని పంచే రూల్స్ కొట్టేసింది, పుట్టుకతో నేరస్థులనే ఆ పాత భాష ఇంకా వాటిలో ఉండటాన్ని గట్టిగా తప్పుపట్టింది. 2024 తల్లీ, 1924 కాదు.

ఓనరాంటీకి ఈ చరిత్రంతా తెలీదు, ఆవిడకి తెలిసింది ఊరి పేరొక్కటే. నువ్వు పనిచేసే ఆస్పత్రిలో హెచ్‌ఆర్ దగ్గర్నించి ఒక లెటర్ తీసుకుని తిరుగు, సీనియర్ సిస్టర్ ఎవరైనా తోడొస్తే ఇంకా తొందరగా దొరుకుతుంది. నీకిది అవమానంగా అనిపిస్తుంది, అవమానమే, కానీ రాత్రి డ్యూటీ దిగి పడుకోడానికి గది కావాలి కదా.

ప్రశ్న: సార్, క్రిమినల్ మైండ్ రక్తంలోనే ఉంటుందని యూట్యూబ్‌లో ఒకాయన చెప్తున్నాడు, పుర్రె చూసి చెప్పేయొచ్చట. నిజమా?
– డిగ్రీ స్టూడెంట్, తెనాలి

జవాబు: ఆ యూట్యూబాయన కొత్తగా కనిపెట్టిందేం లేదు. ఇటలీలో లొంబ్రోసో అనే డాక్టరు 1876లోనే చెప్పాడు, పెద్ద దవడ, పొడుగు చేతులు, వింత చెవులు ఉంటే పుట్టు నేరస్థుడని. ఆయన కొలిచింది జైల్లో ఉన్నవాళ్లని. జైల్లో ఎవరుంటారు, దొరికినవాళ్లు, లాయర్ని పెట్టుకోలేనివాళ్లు. దొరకనివాడి దవడ ఎవరు కొలిచారు? ఇంగ్లండులో చార్లెస్ గోరింగ్ అనే జైలు డాక్టరు దాదాపు మూడువేలమంది ఖైదీల్ని కొలిచి బయటివాళ్లతో పోల్చి, 1913లో అలాంటి తేడా ఏం లేదని తేల్చేశాడు. ఆ యూట్యూబాయన వీడియోకి వ్యూస్ వస్తున్నాయి కాబట్టి ఆపడు, నువ్వు చూడ్డం మానెయ్.

ప్రశ్న: సార్ మాది వరంగల్. ఆటో నడుపుత. మా పోరగాడు ఇంటర్ సెకండియర్, 17 నిండినయ్. క్రికెట్ కాడ లొల్లయ్యింది. కారేస్కొని వచ్చిన పోరగాండ్లు గూడ కొట్టిండ్రు, వాళ్లను ఇంటికి తోలి మావోణ్ణి మాత్రం స్టేషన్ల రాత్రంత కూసోవెట్టిండ్రు. గప్పట్నుంచి గల్లీల సైకిల్ పోయినా, ఫోన్ పోయినా మా ఇంటికే వస్తున్రు. ఇప్పుడు వాడు "ఎట్లాగు అంటున్రు గదా, చేస్తే ఏమైతది" అంటుండు. భయమైతుంది సార్.
– ఓ తండ్రి

జవాబు: అన్నా, మీవాడు చెప్పిన ఆ ఒక్క మాటమీద అమెరికాలో పుస్తకాలే వచ్చాయి. ఎడ్విన్ లెమెర్ట్ అనే ఆయన 1951లోనే దీన్ని రెండు మెట్లుగా చెప్పాడు. మొదటిది, పిల్లలు చేసే చిల్లర తప్పు, దాదాపు అందరం చేసినదే, నేను కూడా చిన్నప్పుడు జామకాయలు కోసినవాణ్ణే. రెండోది, జనం వేసిన ముద్రని వాడే ఒప్పేసుకుని "సరే నేనింతే" అని దానికి తగ్గట్టు బతకడం. మీవాడు ఇప్పుడా రెండో మెట్టు కింద నిలబడి ఉన్నాడు, ఎక్కలేదింకా, మీ దగ్గర ఆ మాట అన్నాడంటే ఎక్కలేదనే అర్థం.

కారు పిల్లల సంగతి కూడా కొత్త కాదు. విలియం చాంబ్లిస్ అనే ఆయన ఒకే స్కూల్లో రెండు గ్యాంగుల్ని రెండేళ్లు వెంటపడి చూసి 1973లో రాశాడు. ఒకదాంట్లో ఎనిమిదిమంది, డబ్బున్న ఇళ్ల పిల్లలు, క్లాసులెగ్గొట్టేవాళ్లు, తాగి కార్లు తోలేవాళ్లు, రోడ్డు రిపేరు దగ్గర పెట్టిన హెచ్చరిక బోర్డులు పీకేసి వచ్చే కార్లు గుంటలో పడితే చూసి నవ్వుకునేవాళ్లు. ఇంకోదాంట్లో ఆరుగురు, పేద పిల్లలు, వీధిలోనే కొట్టుకునేవాళ్లు. తప్పులు లెక్కేస్తే రెండు గ్యాంగులూ దాదాపు సమానమే, పోలీసుల చేతికి మాత్రం ఎప్పుడూ చిక్కింది ఆ ఆరుగురే. ఎందుకంటే వాళ్లకి కారు లేదు, చేసేదేదో అందరి కళ్లముందే చెయ్యాలి, పట్టుబడితే "సారీ సార్" అని మర్యాదగా చెప్పడం రాదు, ఎదురు మాట్లాడతారు. ఆ ఎనిమిదిమందిలో ఏడుగురు కాలేజీకెళ్లారు. ఈ ఆరుగురిలో ఇద్దరు మాత్రం ఫుట్‌బాల్ బాగా ఆడి స్కాలర్‌షిప్ మీద చదువుకుని బాగుపడ్డారు. ఈ ఇద్దరి సంగతి గుర్తుపెట్టుకో అన్నా, వాళ్లమీద ఇంకో పేరు పడింది, ఆటగాళ్లని.

పనికొచ్చే మాటలు రెండు. 18 నిండనివాణ్ణి లాకప్‌లో పెట్టకూడదు, 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో ఉంది, పట్టుకుంటే 24 గంటల్లో జువెనైల్ బోర్డు ముందు పెట్టాలి. మళ్లీ ఇంటికొస్తే ఆ మాట మెల్లిగా చెప్పు, గొంతు పెంచకు, 15100కి ఫోన్ చేస్తే లీగల్ సర్వీసెస్‌వాళ్లు ఫ్రీగా లాయర్ని ఇస్తారు. రెండోది, ఇంట్లో నువ్వే కోపంలో "దొంగనాయాలా" అని తిట్టడం ఉంటే ఈరోజునుంచి ఆపెయ్. నవ్వులాటకి కూడా వద్దు.

ప్రశ్న: చైన్ లాగినోణ్ణి చెట్టుకి కట్టేసి కొడతారు, వేలకోట్లు నొక్కినోడికి దండం పెడతారు, దీనికి మీ సోషియాలజీలో ఏమైనా పేరుందా?
– వ్యంగ్యంగా కాదు నిజంగానే అడుగుతున్న ఓ రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి

జవాబు: ఉందండీ, వైట్ కాలర్ క్రైమ్, అంటే హోదా ఉన్న పెద్దమనుషులు తమ ఉద్యోగంలోనో వ్యాపారంలోనో చేసే నేరం. అమెరికా సోషియాలజిస్టు ఎడ్విన్ సదర్లాండ్ 1939లో ఫిలడెల్ఫియా మీటింగ్‌లో ఈ మాట వాడాడు. తర్వాత 70 పెద్ద కంపెనీల చరిత్ర తవ్వి 1949లో పుస్తకం వేస్తే, పబ్లిషరు కంపెనీల పేర్లన్నీ తీసేయించాడు, కేసు వేస్తారేమోనని భయం. పేర్లతో సహా అచ్చయింది 1983లో, అప్పటికి సదర్లాండ్ పోయి ముప్ఫై ఏళ్లు దాటింది. నేరం చేసినవాడి పేరు రాయడానికే భయపడాల్సొచ్చిందంటే ఇంకేం చెప్తాం.

మనకి సత్యం కంప్యూటర్స్ కంపెనీ కేసు ఉంది కదా. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజుగారే లెటర్ రాసి లెక్కల్లో వేలకోట్లు లేనివి ఉన్నట్టు చూపించానని ఒప్పుకున్నారు. 2015 ఏప్రిల్‌లో ఏడేళ్ల శిక్ష పడింది, నెల తిరిగేసరికల్లా మేలో శిక్ష సస్పెండయ్యి బెయిలొచ్చింది, చట్టప్రకారమే వచ్చింది, దాన్ని తప్పుపట్టట్లేదు. నేను గమనించింది వేరే. "ఎంతైనా 108 అంబులెన్సులు పెట్టినాయన" అని టీకొట్ల దగ్గర విన్నాను, అదీ నిజమే, పెట్టారు. మనిషిని మొత్తంగా చూడటమంటే ఇదే, మంచీ చెడూ రెండూ లెక్కేశారు. ఆయన కులంవాళ్ల వేలిముద్రలు ఎవరూ తీసుకోలేదు, ఆయన ఊరివాళ్లకి హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకివ్వం అని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. పైన నర్సమ్మాయి ఉత్తరం ఇంకోసారి చదవండి.

ప్రశ్న: నేరం సమాజానికి నార్మల్ అని ఫ్రెంచ్ సోషియాలజిస్టు డర్క్‌హైమ్ అన్నాడట. గ్రూప్స్ ప్రిపరేషన్‌లో ఇది చదివి మెంటలెక్కుతోంది. నార్మలైతే పోలీసులెందుకు సార్?
– విజయనగరం

జవాబు: నార్మల్ అంటే మంచిదని కాదు తమ్ముడూ, నేరంలేని సమాజం ఎక్కడా ఉండదని. 1895లో రాశాడు. అందరూ మహాత్ములే ఉన్న ఆశ్రమం ఊహించుకో, అక్కడ దొంగతనాలుండవు, కానీ ప్రార్థనలో ఆవలించినవాణ్ణి పట్టుకుని పెద్ద నేరం చేసినట్టు చూస్తారు. అంటే తప్పుకీ ఒప్పుకీ మధ్య గీత పక్కకి జరుగుతుంది తప్ప చెరిగిపోదు. ఆ గీత ఎవరు గీస్తారు అనేది డర్క్‌హైమ్ అంతగా అడగలేదు, బెకర్ అడిగాడు. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి రాయి, ఉదాహరణకి 1871 చట్టం వెయ్యి. పేపర్ దిద్దేవాడికి ఆవలింత రాకుండా ఉంటుంది.