పచ్చి మారేడు కాయ విరేచనాలకు పనిచేస్తుందని ఎలా పరీక్షిస్తారు?

మొదటి పరీక్ష వింటే నవ్వొస్తుంది: ఎలుకలకు ఆముదం తాగిస్తారు. మన ఇళ్లలో కడుపు శుభ్రం కావాలని పట్టే ఆముదమే. దానికి ముందే కొన్నింటికి కాయ కషాయం, కొన్నింటికి ఉత్త నీళ్లు, ఇంకొన్నింటికి విరేచనాలు ఆపే మందు లోపరమైడ్ ఇస్తారు. బోను కింద తెల్ల కాగితం పరిచి, గంటగంటకూ తడి మరకలు లెక్కపెడతారు. బొగ్గుపొడి కలిపిన మేత పెట్టి, పేగులో నలుపు ఎంత దూరం జారిందో స్కేలుతో కొలవడం ఇంకో పద్ధతి.

క్రిములు చచ్చాయా లేదా అని మాత్రమే చూస్తే పొరపాటు. 2009లో ముంబై పరిశోధకులు ల్యాబ్‌లో విరేచనాలు కలిగించే బ్యాక్టీరియా మీద పచ్చి మారేడు కషాయం వేస్తే అవి పెద్దగా చావలేదు. కానీ అవి కణాలకు అతుక్కోవడం, లోపలికి చొరబడడం తగ్గింది. పచ్చి మారేడు విరేచనాలకు మంచిదనే పెద్దవాళ్ల మాటలో నిజం ఉండొచ్చనడానికి నాకు ఇదే బలమైన ఆధారం.

అయినా అసలు పరీక్ష మనుషుల మీదే. మామూలు విరేచనాలు చాలాసార్లు కొద్ది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. పోల్చడానికి కషాయం తాగని గుంపు లేకపోతే పేరంతా మారేడుకే పోతుంది! పైగా పండిన మారేడును మలబద్ధకానికి తింటారు. ఏ దశ కాయ వాడారో రాయని పేపర్‌ను నేనైతే పక్కన పెడతాను.

ఈలోగా పిల్లలకు విరేచనాలైతే, కషాయం ఉంది కదా అని ఓఆర్‌ఎస్, జింక్ మానకండి.