రిపేరు బిల్లును దేనితో పోల్చాలి? మేనకోడలికి ఉత్తరం

చి. మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. నీ మెసేజీ, దాంతోపాటు పంపిన ఫొటోలు చూశాను. పదకొండేళ్ల కారు, లక్షా నలభై వేల కిలోమీటర్లు, మెకానిక్ రాసిచ్చిన పెద్ద ఎస్టిమేటు. "అమ్మినా ఇంత రాదు, దాని మీద ఇంకా డబ్బు తగలేస్తావా, హాయిగా కొత్తది లీజుకు తీసుకో" అని ఆఫీసులో అంటున్నారని రాశావు. నేను మొదట రిపేరు షెడ్డులో, ఆ తర్వాత లీజు గడువు తీరిన కార్లను చూసి వెనక్కి తీసుకునే ఉద్యోగంలో ఉన్నవాణ్ణి. రెండు వైపుల సంగతీ తెలుసు కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు ఆ "అమ్మినా ఇంత రాదు" అన్న మాట పక్కన పెట్టు. కారు అమ్మేవాళ్లకి అది పనికొచ్చే లెక్క. నువ్వు అమ్మట్లేదు, దాంట్లో తిరుగుతున్నావు. ఈ రిపేరు చేయిస్తే కారు ఇంకా ఎన్నాళ్లు నడుస్తుంది, అన్నాళ్లూ వేరే కారులో తిరగాలంటే ఎంతవుతుంది, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. నీ ఎస్టిమేటును నువ్వు పంపిన లీజు కొటేషన్‌తో చూశాను. సుమారు అయిదు నెలల వాయిదాలతో సమానం. అంటే రిపేరు తర్వాత ఆ కారు పెద్ద ఇబ్బంది పెట్టకుండా ఒక్క ఏడాది నడిచినా నువ్వు లాభంలోనే ఉంటావు.

లీజు వాయిదా ఎక్కడి నుంచి పుడుతుందో తెలుసుకో. కారు ధర 100 అనుకుందాం. మూడేళ్ల తర్వాత దాని విలువ 55 ఉంటుందని కంపెనీ ముందే రాసుకుంటుంది, దాన్ని రెసిడ్యువల్ వాల్యూ అంటారు. తరిగిపోయే 45ని 36 నెలలకు పంచితే నెలకు 1.25. దాని మీద వడ్డీ. కొన్ని చోట్ల కాగితాల్లో వడ్డీని శాతంగా రాయరు. మనీ ఫ్యాక్టర్ అని 0.0025 లాంటి అంకె వేస్తారు. చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది. దాన్ని 2,400తో గుణించు, 6 వస్తుంది. అదే ఏడాదికి 6 శాతం వడ్డీ. ఆ 0.0025నే 100కి 55 కలిపి వచ్చిన 155తో గుణిస్తే నెల వడ్డీ 0.39 దాకా తేలుతుంది. మొత్తం నెలకు 1.64, మూడేళ్లకు 59. కారు ధరలో నూటికి 59 కట్టి, చివర్న తాళాలు అప్పజెప్పి ఖాళీ చేతులతో బయటికొస్తావు. పన్నులు, ఇన్సూరెన్సు వేరే. ఇది మోసమని కాదమ్మా, కొత్త కారు కొనుక్కున్నా ఆ 45 పోయేదే. నీ పాత కారుకు మాత్రం ఆ తరుగుదల ఎప్పుడో అయిపోయింది. ఇక పోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

మరి పాత కారు ఎప్పుడు వదిలేయాలి? ఎస్టిమేటు ఎంత పెద్దదని చూడకు, అందులో ఏమున్నాయో చూడు. నీ దాంట్లో టైమింగ్ బెల్టు (ఇంజన్‌లో పిస్టన్లూ వాల్వులూ ఒకే తాళంలో కదిలేలా చూసేది), వాటర్ పంపు, క్లచ్, ముందు సస్పెన్షన్ ఉన్నాయి. ఇవన్నీ అరిగే సామాన్లు. ఏ కారుకైనా మార్చక తప్పదు, మారిస్తే మళ్లీ చాలాకాలం చూసుకోనక్కర్లేదు. బెల్టు మాత్రం ఆలస్యం చేయకు. చాలా కార్లకు లక్ష నుంచి లక్షా అరవై వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటారు, దాంతోపాటు ఇన్నేళ్లని కూడా ఉంటుంది. మీ మాన్యువల్‌లో ఏముందో చూడు. చాలా ఇంజన్లలో అది తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకు కొట్టుకుంటాయి, దాంతో ఇంజనే పోతుంది. వాటర్ పంపు కూడా కలిపి రాశాడంటే మెకానిక్ తెలిసినవాడే. చాలా కార్లలో రెంటికీ విప్పే చోటు ఒకటే, కూలీ ఒక్కసారితో పోతుంది. క్లచ్ సంగతి వేరు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ మోత పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. అలా లేకపోతే దాన్ని తర్వాత చూసుకోవచ్చు.

నాకు భయం తుప్పు. కారును లిఫ్టు మీద ఎక్కించమని చెప్పి నువ్వు కూడా కిందికి వెళ్లి నిలబడు. తలుపుల కింద పొడుగునా ఉండే పట్టీలు, సస్పెన్షన్ బిగించే చోట్లు చూడు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టమను. గట్టిగా టంగుమంటే పైపై తుప్పే, గీకి రంగు వేస్తే సరిపోతుంది. మెత్తగా చప్పుడై పొరలు రాలితే, లేదా మొన దిగబడితే, ఆ కారు మీద ఇక పైసా పెట్టకు. ఇంజన్ మార్చొచ్చు, గేర్‌బాక్సు మార్చొచ్చు, తినేసిన బాడీని మాత్రం గిట్టుబాటయ్యే ఖర్చులో బాగుచేయలేం.

రెండో భయం హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ బ్లాకుకూ దాని పైభాగానికీ మధ్య ఉండే సీలు. ఎక్కడా కారకుండా కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గుతూ ఉంటే, ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే అనుమానించాలి. ఆయిల్ పోసే మూత కింద గోధుమరంగు నురగ కనిపించగానే బెదరకు. రోజూ దగ్గరి దూరాలే తిరిగే కార్లలో తేమ చేరినా అలాగే కనిపిస్తుంది. ఆయిల్ చూసే కడ్డీ మీద కూడా నురగ ఉంటేనే అసలు చిక్కు. టైర్లు కూడా ఒకసారి చూడు. పక్కన నాలుగంకెలు ఉంటాయి, 3219 అంటే 2019లో 32వ వారం తయారైందని.

ఇప్పుడు లీజులో ఎవరూ ముందు చెప్పని భాగం. తిరిగొచ్చిన కార్ల దగ్గర నా చేతిలో గీతలున్న పారదర్శకమైన కార్డు ఒకటి ఉండేది. సొట్ట మీద పెట్టి, గీత దాటిందా లేదా చూసేవాణ్ణి. దాటితే బిల్లు. అల్లాయ్ వీల్ అంచు గీసుకుంటే బిల్లు, టైరు గాడి లోతు తగ్గితే బిల్లు, రెండో తాళం కనపడకపోతే బిల్లు. ఇవన్నీ ఒప్పందంలో చిన్న అక్షరాల్లో ఉన్నవే, నేను సొంతంగా కల్పించినవి కావు. అయినా ప్రతివాళ్లూ నావైపు దొంగను చూసినట్టే చూసేవాళ్లు! అన్నిటికన్నా గట్టిగా తగిలేది కిలోమీటర్ల పరిమితి. నువ్వు వారాంతాల్లో ఎంత దూరాలు తిరుగుతావో నాకు తెలుసు. పరిమితి దాటిన ప్రతి కిలోమీటరుకూ కట్టాలి. మధ్యలో వదిలేద్దామన్నా మిగిలిన వాయిదాల్లో పెద్ద భాగం కట్టందే వదలరు.

ఇంకొకటి, ఎప్పుడైనా లీజు తీసుకుంటే వాయిదా తగ్గుతుంది కదా అని ముందు పెద్ద మొత్తం కట్టకు. నెల తిరక్కుండా యాక్సిడెంటై కారు పూర్తిగా పోతే ఇన్సూరెన్సు డబ్బు కంపెనీకి వెళుతుంది, నువ్వు ముందు కట్టింది చాలావరకు నీళ్లలో పోసినట్టే.

లీజు సరైన పని అయ్యే సందర్భాలూ ఉన్నాయి. కారు ఒక్కరోజు ఆగినా పోయే ఉద్యోగమైతే, వ్యాపారంలో ఖర్చుగా చూపించుకోగలిగితే, కరెంటు కారు కావాలనుకుని బ్యాటరీ విలువ మూడేళ్లకు ఎలా ఉంటుందో అన్న టెన్షన్ వేరేవాళ్ల నెత్తిన పెట్టాలనుకుంటే, లీజే మేలు. భద్రత కూడా ఆలోచించాలి. బండి జారినప్పుడు పట్టి నిలిపే స్టెబిలిటీ కంట్రోల్ అమెరికాలో 2012 మోడళ్ల నుంచి, ఐరోపాలో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది. నీ కారుకు ఉందో లేదో కనుక్కో. లేదంటే నా సలహా మారుతుంది. అలాగే 17 అక్షరాల చాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైటులో రీకాల్స్, అంటే తయారీలో లోపం ఉందని కంపెనీయే వెనక్కి పిలిచినవి, చూడు. ఎయిర్‌బ్యాగు లాంటివైతే ఉచితంగానే మారుస్తారు.

ఒకవేళ తుప్పు పరీక్షలో నీ కారు తప్పితే, కొత్తది లీజుకు పోకముందు మూడేళ్ల కారు ఒకటి చూడు. నా కార్డు కింద నుంచి వెళ్లినవే అవి. మొదటి తరుగుదల ఇంకెవరో భరించి ఉంటారు, సర్వీసు పుస్తకం కూడా సాధారణంగా శుభ్రంగా ఉంటుంది.

నీ సంగతైతే నాకు స్పష్టంగానే ఉంది. ఈ వారంలో లిఫ్టు ఎక్కించి కింద చూడండి. బాగుంటే బెల్టు, పంపు, సస్పెన్షన్ చేయించెయ్. క్లచ్ జారకపోతే ఆపు. లీజుకు కట్టబోయిన వాయిదాలో సగం నెలనెలా వేరే ఖాతాలో వెయ్యి, వచ్చే రిపేర్లు దాంట్లోంచి పోతాయి. కారు కింద ఫొటోలు తీసి పంపు, నేనూ ఒకసారి చూస్తాను. కొటేషన్ ఇచ్చినవాడు ఈ నెలాఖరుతో ఆఫర్ అయిపోతుందని ఫోన్లు చేస్తుంటాడు, వచ్చే నెల ఇంకోటి ఉంటుందిలే.

ఇట్లు,
మావయ్య