పేరొచ్చింది కదా అని అప్పు చేస్తారా?

ప్రశ్న: మా నాన్నకు 54 ఏళ్లు. చాలా ఏళ్లుగా రైల్వే స్టేషన్ బయట బూట్ పాలిష్ చేస్తున్నారు. నాలుగు నెలల కిందట ఆయన వీడియో వైరల్ అయింది. రోజుకు రూ.500 వచ్చే చోట ఇప్పుడు రూ.1,400 దాకా వస్తోంది. దాతలు పంపిన రూ.60,000 బ్యాంకులో ఉన్నాయి. అవి అడ్వాన్సుగా ఇచ్చి, డైలీ ఫైనాన్స్‌లో లక్ష తీసుకుని షాపు పెడదామంటున్నారు. పెట్టొచ్చా?

జవాబు: వద్దు. నాలుగు నెలలు చేతిలో డబ్బు ఆడగానే ఇక ఎప్పుడూ ఇంతేననుకుని అప్పు పత్రం మీద సంతకం పెట్టేయడం నెలజీతాల వాళ్లలోనూ చూస్తున్నాను. అందుకే మీ ఉత్తరం ఎంచుకున్నాను.

ఆ 1,400లో సెల్ఫీ కోసం వచ్చినవాళ్లు ఎందరు? వాళ్లు రేపు ఇంకో వీడియో వెంట పోతారు. మిగిలేది పాత గిరాకీ. అందులోనూ తోలు బూట్లు మాని స్పోర్ట్స్ షూస్‌కు మారినవాళ్లు ఉంటారు. వానాకాలం సంగతి మీకు తెలిసిందే. లెక్క 500 మీదే వేయండి.

డైలీ ఫైనాన్స్ వాళ్లు లక్ష అని చెప్పి, 15 వేలు ముందే పట్టుకుని 85 వేలు చేతిలో పెడతారనుకుందాం. రోజుకు వెయ్యి చొప్పున 100 రోజులు కట్టాలి. అంటే దాదాపు నూటికి నెలకు పది రూపాయల వడ్డీ! 500 సంపాదనలోంచి వెయ్యి ఎలా కడతారు? జ్వరమొచ్చి పడుకున్నా వసూలు మనిషి సాయంత్రానికి గుమ్మంలో ఉంటాడు. ఇలాంటి అప్పు గురించి సలహా అడగడమే నాకు విసుగు.

ఆ 60,000 ముట్టుకోకండి. ఇంటి ఖర్చు నెలకు 12 వేలైతే అది ఐదు నెలల అత్యవసర నిధి. రోజంతా వంగి చేసే పని. నడుము పట్టేసినా, చెయ్యి విరిగినా, రోడ్డు పనులని పెట్టె తీసేయమన్నా ఆ రోజు నుంచే రాబడి సున్నా. విడి ఖాతాలో ఉంచి, ఏటీఎం కార్డు ఇంట్లో పెట్టండి. ఈ ఊపు ఉన్నన్నాళ్లు 500 దాటి వచ్చిందంతా అందులోకే వేయండి.

బ్యాంకులో ఏడాదికి రూ.20తో వచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 2 లక్షల దాకా ఇస్తుంది, ఈ వారమే చేర్పించండి. 50 దాటింది కాబట్టి జీవనజ్యోతి అనే ప్రభుత్వ జీవిత బీమాలో కొత్తగా చేర్చుకోరు.

అప్పు తప్పదంటే మున్సిపాలిటీలో వీధి వ్యాపారి గుర్తింపు తీసుకుని వీధి వ్యాపారులకు కేంద్రం పెట్టిన రుణ పథకం పీఎం స్వనిధికి దరఖాస్తు చేయండి. మొదటి విడత రూ.15,000. గొడుగు, కుర్చీ, సరుకుకు అది చాలు. షాపు సంగతంటారా, ఏడాదిపాటు రోజువారీ రాబడి నోట్‌బుక్‌లో రాసి పంపండి, అప్పుడు మాట్లాడదాం.