పాత పెంకుటింటికి సిమెంటు పూయించకమ్మా

చి.ల.సౌ. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

కోనసీమలో మీ తాతగారి పెంకుటిల్లు బాగుచేయిస్తున్నావని అక్కయ్య ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. పాత గచ్చంతా రాల్చేసి సిమెంటు కొట్టేద్దామని మేస్త్రి అన్నాడట. మర్యాదగానే వద్దని చెప్పు. ఆ గోడలు సున్నంతో కట్టినవి, వాటి మీద సున్నమే నిలుస్తుంది.

మన ఊళ్లలో కాస్త లోతు తవ్వితే నీళ్లు పడతాయి. ఆ చెమ్మ ఉప్పును కూడా వెంటబెట్టుకుని పునాది ఇటుకల్లోంచి పైకి పాకుతుంది. సున్నపు పూత ఆ చెమ్మను బయటికి ఆరిపోనిస్తుంది. సిమెంటు పూస్తే చెమ్మకు దారి మూసుకుపోయి వెనకాలే పైకెక్కుతుంది. లోపల ఉప్పు గడ్డకట్టి ఉబ్బితే పూత పెచ్చులుగా ఊడుతుంది, ఊడుతూ ఇటుక మొహాన్ని కూడా పట్టుకుపోతుంది. చూస్తే సిమెంటు కూడా పుట్టింది సున్నపురాయిలోంచే. దాన్ని బంకమట్టితో కలిపి 1450 డిగ్రీల దగ్గర కాలుస్తారు, అందుకే దాని గుణం వేరు.

సున్నం ఎక్కడ కొంటావన్నదే అసలు సంగతి. మీ చుట్టుపక్కలంతా రొయ్యల చెరువులే కదా, ఆక్వా షాపుల్లో సున్నం బస్తాలు దొంతర్లుగా ఉంటాయి. చవగ్గా వస్తోందని వాటి జోలికి పోకు. అందులో చాలా సరుకు కాల్చని సున్నపురాయి పొడి, లేదంటే డోలమైటు అనే మరో రాయి పొడి. చెరువుకు పనికొస్తుంది కానీ ఇటుకను పట్టదు. పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చిన గడ్డ సున్నం తెప్పించు. రాగానే ఒక గడ్డను ఇనప బకెట్లో నీళ్లలో వేసి చూడు. బుసబుసమని పొంగి, పగిలి, నీళ్లు సలసల కాగితే మంచి సరుకు. చల్లగా పడుంటే అది సరిగ్గా కాలనిదో, దారిలో గాలి తగిలి చచ్చిపోయిందో అనుకో.

వంద కిలోల సున్నపురాయిని పూర్తిగా కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది. తక్కిన 44 కిలోలూ బొగ్గుపులుసు గాలిగా పోతుంది. గోడకెక్కిన సున్నం ఆ గాలినే నెలల తరబడి మెల్లగా పీల్చుకుని మళ్లీ రాయవుతుంది. అందుకే ఈ పనిలో తొందర కూడదు. ఎండ నేరుగా తగలకుండా తడి గోనెపట్టాలు కట్టించు, కొన్నాళ్లపాటు చెమ్మ ఆరనివ్వకు. వేసవి వడగాలిలో ఈ పని అసలు పెట్టుకోవద్దు.

సున్నం తడిపేటప్పుడు గడ్డల్ని నీళ్లలో వెయ్యాలి, గడ్డల మీద నీళ్లు పోయకూడదు. పోస్తే చిమ్ముతుంది. పనివాళ్లకు కళ్లద్దాలు కొనిపెట్టు, వద్దన్నా పెట్టించు. పొరపాటున కంట్లో పడితే ఆగకుండా మంచినీళ్లతో కడుగుతూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తడిపిన సున్నాన్ని గుంటలో, పైన నీళ్లు నిలిచేలా, నెలకు తగ్గకుండా ఊరనివ్వు. దీపావళి వెళ్లాక గుంట నింపితే సంక్రాంతి తర్వాత పూత మొదలుపెట్టొచ్చు.

కలపడం ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక. ఒకప్పుడు గానుగలో ఎద్దుల్ని కట్టి డంగు సున్నం రుబ్బేవారు. ఇప్పుడు మిక్సరైనా ఫర్వాలేదు, బాగా ఎక్కువసేపు తిప్పమను. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోస్తే పట్టు బాగుంటుంది. నేలకు దగ్గరున్న రెండడుగులకు మాత్రం మెత్తటి ఇటుక పొడి కలిపించు. ఉత్త సున్నం గట్టిపడాలంటే గాలి కావాలి, ఇటుక పొడి కలిస్తే తడిలోనూ గట్టిపడుతుంది. 1852లో పూర్తయిన కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట సున్నపు కట్టుబడే కదా!

పైమేడ కిటికీ అద్దాల గురించి కూడా అడిగావట. పాతవి పారేయకు. అద్దమంటే ముఖ్యంగా ఇసుక, చాకలి సోడా జాతి సోడా, సున్నపురాయి. అందులో ఇసుకే నూటికి డెబ్బై పాళ్ల పైన ఉంటుంది. ఉత్త ఇసుక కరగాలంటే 1700 డిగ్రీలు కావాలి, సోడా కలిస్తే అంత వేడి అక్కర్లేదు. కానీ సోడా, ఇసుక మాత్రమే కలిస్తే ఆ అద్దం నీళ్లకు కరిగిపోతుంది. దాన్ని నిలబెట్టేది సున్నం. మన గోదావరి ఇసుక దీనికి పనికిరాదు, అందులోని ఇనుముకు ఆకుపచ్చ రంగు వస్తుంది. అద్దాల ఫ్యాక్టరీలకు గూడూరు దగ్గర చిల్లకూరు వైపు తెల్ల ఇసుకే తీసుకెళ్తారు. ఇంతకీ నువ్వు చూసుకోవాల్సింది ఒకటే. తీసిన అద్దాల్ని తడిగా ఒకదాని మీద ఒకటి పేర్చనివ్వకు. మధ్యలో నిలిచిన తడి సోడాను బయటికి లాగుతుంది, తుడిచినా పోని తెల్లటి మసక పడుతుంది. మధ్య పొడి కాగితం పెట్టి నిలబెట్టి ఉంచు.

వంటింటి తలుపుల జిడ్డుకు గోరువెచ్చటి నీళ్లలో చాకలి సోడా బాగా పనిచేస్తుంది. ఆ నీళ్లు గోడ మీద మాత్రం పడనీకు. ఇటుక పీల్చుకుని, ఆరాక తెల్లటి ఉప్పులా కక్కుతుంది. యాసిడ్ అసలే వద్దు, సున్నాన్ని తినేస్తుంది.

ఇసుక లారీకి చెప్పే ముందు కొంచెం తెప్పించి, ఒక గాజు సీసాలో సగం ఇసుక, మిగతా నీళ్లు పోసి గట్టిగా కుదిపి రాత్రంతా కదపకుండా ఉంచు. సముద్రం వైపు నుంచి తెచ్చిన ఇసుకైతే చూడక్కర్లేదు, ఉప్పుంటుంది, వెనక్కి పంపెయ్. పొద్దున్నే సీసా ఫొటో వాట్సాప్‌లో పెట్టు, పైన బురద పొర ఎంత మందం ఉందో చూసి కడిగించాలో లేదో చెబుతాను.

మీ మావయ్య