మాడు పెచ్చు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల అందింది. 312 పేజీలు. ఉత్తరంలో ఆరు ప్రశ్నలు అడిగావు, వాటికి జవాబు చెప్తానో లేదో నాకే తెలియదు. ఒక విషయం మీద మాత్రం నీతో దెబ్బలాడాలి.

నలభై పేజీల దాకా విసుక్కుంటూనే చదివాను. మాంత్రికుడొచ్చాడు, పెళ్లాన్ని ఎత్తుకుపోయాడు, వీరుడు కత్తి దూశాడు. సరే. 41వ పేజీలో నీ వీరుడు అడవిలో అన్నం వండుకుని, అడుగంటిన మాడు పెచ్చు గీకి విస్తరి అంచున పెట్టాడు. ఆవిడకి మాడంటే ఇష్టమని. పెట్టాక గుర్తొచ్చింది, తినే మనిషి లేదని. అక్కడ పుస్తకం మూసి కాసేపు వరండాలో కూచున్నాను. తిరిగొచ్చి తెరిస్తే, తర్వాతి పేరాలో రెక్కల పులి! ఏమిటయ్యా ఆ తొందర? చేతికి దొరికిన మాణిక్యాన్ని పులి నోట్లో వేశావు.

మాంత్రిక విద్యకి పన్నెండు నియమాలు రాసుకున్నావు. ఏడు ద్వీపాలకి పటం గీశావు. (ఈ మధ్య నా దగ్గరికొచ్చే ప్రతి ఫాంటసీకీ ముందో పటం ఉంటోంది, సర్వే శాఖ వాళ్లు గీసిచ్చినట్టు.) ఆవిడ దేనికి అలిగేదో, ఎవరి మీద చాడీలు చెప్పేదో ఒక్క ముక్క లేదు. కలువ కళ్లు, బారెడు జడ. అలాంటి మనిషిని వెతకడానికి ఏడు ద్వీపాలెందుకు, పెళ్లిళ్ల పేరయ్యని అడిగితే చాలు.

రామాయణం తీసి చూడు. సుగ్రీవుడు మూట విప్పి నగలు చూపిస్తే రాముడి కళ్లు నీళ్లతో కమ్ముకుపోయాయి. మంచు కప్పిన చంద్రుడిలా అయ్యాడంటాడు వాల్మీకి. లక్ష్మణుడు కేయూరాలు గుర్తుపట్టలేదు, కుండలాలు గుర్తుపట్టలేదు, రోజూ పాదాలకి మొక్కేవాడు కాబట్టి అందెలు మాత్రం పోల్చుకున్నాడు. లంకలో సీతమ్మ చూడామణి ఇచ్చి ఊరుకోలేదు. చిత్రకూటంలో కాకి సంగతి చెప్పింది. తిలకం చెరిగిపోతే ఆయన మణిశిల అనే ఎర్రరాయి తీసి చెంప మీద దిద్దిన సంగతీ చెప్పింది. ఆలుమగలిద్దరికే తెలిసిన ముచ్చట అది. వారధి కట్టేది దాని కోసమే అని నా లెక్క. పండితులు ఒప్పుకోరు, ఒప్పుకోకపోతే పోనీ.

కత్తి మీద నీకున్న నమ్మకం కూడా నాకు నచ్చలేదు. మన బాలనాగమ్మ కథే చూడు. మాయల ఫకీరు ఆవిణ్ణి కుక్కగా మార్చి తీసుకుపోతే, వెతుక్కుంటూ వెళ్లిన మొగుడు కార్యవర్ధి రాజు రాయైపోయాడు. ఆవిణ్ణి తెచ్చింది ఆనాడు ఉయ్యాల్లో ఉన్న పసివాడు. భారతంలో రురుడు, పాము కాటుకి చనిపోయిన ప్రమద్వర కోసం కత్తి ఎత్తలేదు, తన ఆయుష్షులో సగం ధారపోశాడు. నీవాడు ఏం పోగొట్టుకున్నాడు? చివరి పేజీలో కూడా మీసం చెక్కు చెదరలేదు.

నేనేదో పుట్టుకతో తెలిసినవాణ్ణి అనుకోకు. ఇరవయ్యారేళ్లప్పుడు ఓ వారపత్రికకి ఇలాంటి సీరియలే రాశాను. ఎడిటరుగారి హుకుం: వారానికో ప్రాణగండం. కొండచిలువ అయిపోతే మొసలి, మొసలి అయిపోతే బ్రహ్మరాక్షసుడు. మా ఆవిడ ఫెయిర్ కాపీ రాసిపెట్టేది. పదకొండో వారం కలం ఆపి, "ఇంతకీ ఈయనగారి పెళ్లాం పేరేమిటండీ?" అంది. పేరు లేదు. పదకొండు వారాలూ "రాకుమారి, రాకుమారి" అని లాగించేశాను. సిగ్గేసింది. పేరు పెట్టి, ఓ చిన్న పేరా చేర్చాను: పగలంతా మౌనంగా ఉండి, దీపం ఆర్పాకే మాటలు గుర్తొచ్చే మనిషని. అచ్చులో చూస్తే ఆ పేరా మాయం. "కథ నడవట్లేదండీ, చోటు చాల్లేదు" అన్నారు. చోటెక్కడికి పోయిందా అని చూస్తే అదే పేజీలో తలనొప్పి మాత్రల ప్రకటన. యాభై ఏళ్లయింది, ఇప్పటికీ ఆ మాత్ర వేసుకోను.

దీపం ఆర్పాక మాటలు గుర్తొచ్చేది ఎవరికో నీకు అర్థమయ్యే ఉంటుంది. ఇప్పుడు ఫెయిర్ కాపీ నేనే రాసుకుంటున్నాను.

అందుకని, పులి దగ్గరికి పోయే ముందు ఆవిణ్ణి ఆ ఇంట్లో నలభై పేజీలు తిరగనియ్యి. మాడు కోసం మొగుడితో కీచులాడనియ్యి. ఒక రోజు చారులో ఉప్పు మర్చిపోనియ్యి. ఆ తర్వాత ఎత్తుకుపో. నీతోపాటు మేమూ వెతుకుతాం.

మూడు భాగాలు చెయ్యాలా, ప్రచురణకర్త ఎవరు, ఈ పేరు బాగుందా అని అడిగావు. వాటి సంగతి మళ్లీ చూద్దాం. మాడు తినేది మీ ఇంట్లో ఎవరో మాత్రం రాయి.

ప్రతిని స్పీడ్ పోస్టులో తిప్పి పంపుతున్నాను. 41వ పేజీలో నూనె మరక నాదే, ఆవకాయన్నం తింటూ రెండోసారి చదివాను.

ఉంటాను.