ఆమ్‌స్టర్‌డామ్ కాలువల్లో ఏఎల్‌ఎస్ కోసం ఈత: డబ్బు నేరుగా ఇచ్చేయవచ్చు కదా?

విరాళం నేరుగా ఇచ్చేయకుండా నగరం మధ్య కాలువలో ఈదడం ఎందుకు, ఆ డబ్బుతో ఏఎల్‌ఎస్ అనే నాడీ వ్యాధి విషయంలో నిజంగా ఏమైనా జరుగుతుందా అని మీరు అడిగారు. నేను ఆమ్‌స్టర్‌డామ్ పక్కనే ఉన్న ఆమ్‌స్టెల్‌వేన్‌లో ఉంటాను. ఆ విరాళాల ఈత కార్యక్రమం పేరు ఆమ్‌స్టర్‌డామ్ సిటీ స్విమ్, అందులో రెండుసార్లు ఈదాను. మొదటిసారి పేరు నమోదు చేసుకునే ముందు నాకూ సరిగ్గా ఇవే సందేహాలు ఉండేవి.

ఈ కార్యక్రమం 2012లో మొదలైంది. అప్పటికి నెదర్లాండ్స్ యువరాణిగా ఉన్న మాక్సిమా ఆ మొదటి ఏడాదే అందరితో పాటు నీళ్లలోకి దిగి ఈదారు. ఈదవలసిన దూరం సుమారు 2 కిలోమీటర్లు. పాల్గొనేవారు తమ పేరు మీద విరాళాలు సేకరిస్తారు, ఆ సొమ్ము ఏఎల్‌ఎస్ పరిశోధనకు వెళుతుంది. కండరాలను కదిలించే నాడీకణాలు క్రమంగా నశించిపోవడం ఈ వ్యాధి. చేతుల పట్టు, నడక, మాట, మింగే శక్తి పోయి, చివరికి ఊపిరి తీసుకునే కండరాలూ పనిచేయడం మానేస్తాయి. స్టీఫెన్ హాకింగ్ ఈ వ్యాధితోనే దశాబ్దాలు జీవించడం వల్ల మనలో చాలామంది ఇది నెమ్మదిగా సాగుతుందని అనుకుంటారు, కానీ ఆయన చాలా అరుదైన మినహాయింపు. ఎక్కువమంది లక్షణాలు మొదలైన రెండు నుంచి ఐదేళ్లలో చనిపోతారు.

మీ మొదటి ప్రశ్నకు నా సమాధానం ఆ మాటలోనే ఉంది. నెదర్లాండ్స్‌లో ఏఎల్‌ఎస్ రోగులు సుమారు 1,500 మంది ఉంటారు. ఏటా 500 మంది దాకా కొత్తగా చేరుతారు, దాదాపు అంతమందీ చనిపోతారు. లెక్క ఎప్పుడూ అక్కడే ఉండటం చూసి వ్యాధి అరుదని అంటారు గానీ, వచ్చినవారు మిగలకపోవడం వల్ల కూడా ఆ సంఖ్య చిన్నగా కనిపిస్తుంది. క్యాన్సర్ పరిస్థితి వేరు. 2001లో లుకేమియా వచ్చి, కోలుకొని, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 10 కిలోమీటర్ల ఈతలో స్వర్ణం గెలిచిన డచ్ ఈతగాడు మార్టెన్ వాన్ డెర్ వైడెన్, 2018లో క్యాన్సర్ పరిశోధన కోసం నెదర్లాండ్స్ ఉత్తరాన ఉన్న ఫ్రీస్‌లాండ్ కాలువల్లో 55 గంటలు, 163 కిలోమీటర్లు ఈది, శరీరం సహకరించక ఆగిపోయి, మరుసటి ఏడాది మళ్లీ దిగి ఆ మార్గాన్ని పూర్తిచేశాడు. వ్యాధి నుంచి బయటపడిన మనిషే ఎదురుగా వచ్చి అడిగితే జనం ఇస్తారు. ఏఎల్‌ఎస్ నయమై అలా ఈదగలిగినవారు ఎవరూ లేరు కాబట్టి, అడిగే పని ఇతరులే చేయాలి.

నేను దిగడానికి కారణం మా మేనమామ. కోనసీమలో కొబ్బరికాయలు ఒలిచేటప్పుడు కుడిచేతి పట్టు తప్పుతోందని ఆయన చెబితే, నరాల బలహీనత అని ఏడాది పాటు బీ12 ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆ తరువాత మెడ ఎముకలు అరిగాయన్నారు. హైదరాబాద్‌లో ఒక న్యూరాలజిస్టు ఈఎంజీ (కండరాలు, నరాల విద్యుత్ స్పందనను కొలిచే) పరీక్ష చేయించి వ్యాధి అసలు పేరు చెప్పేసరికి ఆయన మాట ముద్దగా వస్తోంది. ఈత గురించి మా బంధువుల వాట్సాప్ గ్రూపులో రాసినప్పుడు, ఒకాయన ఆదాయపు పన్ను మినహాయింపుకు 80జీ రసీదు వస్తుందా అని అడిగారు (విదేశీ సంస్థకు ఇచ్చే విరాళానికి అది వర్తించదు), కానీ మరో ఇద్దరు ఫోన్ చేసి తమ ఇళ్లలోనూ ఇలాంటి లక్షణాలే ఉన్నాయని, ఏ డాక్టరుకు చూపించాలని అడిగారు. నేను నేరుగా డబ్బు పంపి ఊరుకొని ఉంటే ఆ ఫోన్లు వచ్చేవి కావు.

ఈత విషయానికి వస్తే, పంటకాలువలో నేర్చుకున్న ధీమాతో వెళ్లి నేను పొరబడ్డాను. మన కాలువలో నీరు మనల్ని మోస్తుంది, దిగువకు ఈది గట్టు మీద నడిచి వెనక్కి వస్తాం. ఇక్కడ నీరు దాదాపు నిలకడగా ఉంటుంది, 2 కిలోమీటర్లూ మన రెక్కల కష్టమే. సెప్టెంబరు నీటి చల్లదనానికి మొదటి రెండు నిమిషాలు ఊపిరి అందదు, అందుకే చలి ఆపే వెట్‌సూట్ (ఒంటికి అతుక్కునే రబ్బరు దుస్తులు) వేసుకోవడం మేలు, నెల ముందు నుంచే చెరువు నీటిలో సాధన చేయాలి. మురికి గురించిన భయం పాతది. పడవ ఇళ్లను దాదాపు అన్నింటినీ ఇప్పుడు మురుగు గొట్టాలకు కలిపారు, కాలువల్లోకి బయటి నుంచి మంచి నీరు పంపి శుభ్రం చేస్తారు, నీటిని పరీక్షిస్తారు. అయినా భారీ వర్షం తరువాత మురుగు పొంగి కలిసే ప్రమాదం ఉంటుంది కాబట్టి, నీరు మింగకండి, తెరిచిన గాయంతో దిగకండి.

ఇక డబ్బు ఫలితం. ఇద్దరు డచ్ రోగులు ప్రారంభించిన ప్రాజెక్ట్ మైన్ అనే అంతర్జాతీయ పరిశోధన 15,000 మంది రోగుల, 7,500 మంది ఆరోగ్యవంతుల డీఎన్‌ఏను పోల్చి చూడాలని పెట్టుకుంది. ఇలాంటి విరాళాలు లేకపోతే అంత పెద్ద లెక్క తెమలదు. 2016లో నెక్1 అనే జన్యువుకు ఈ వ్యాధితో ఉన్న సంబంధం బయటపడింది ఆ పరిశోధన నుంచే. జన్యువు దొరికినంత మాత్రాన మందు వచ్చేయదు. సాడ్1 జన్యువు సంబంధం 1993లో తెలిసింది, దానికి సరిపడే టోఫెర్సెన్ అనే మందుకు అమెరికాలో అనుమతి 2023లో వచ్చింది. అదీ రోగుల్లో దాదాపు 2 శాతం మందికే ఉపయోగపడుతుంది. కాబట్టి మీరిచ్చే యాభై యూరోలు వచ్చే ఏడాదికి ఎవరినీ బతికించవు, అలా చెప్పి అడగడం నాకు ఇష్టం లేదు. మా మేనమామకు జన్యు పరీక్ష జరగనేలేదు. ఆయన కొడుకు, మా బావ, తాను చేయించుకోవాలా వద్దా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు.